ఆరని కొప్పు

నోట్లో పిన్నులు పెట్టుకున్న మనిషికి మాట్లాడటం కుదరదు. అందుకే పొద్దున్నపూట ఆ ఇంట్లో అమ్మను ఎవరు ఏమడిగినా "ఊఁ" అనో "ఊహూఁ" అనో తప్ప జవాబు వచ్చేది కాదు.

"అమ్మా, నా రెండో మేజోడు ఏదీ?"

"ఊఁ."

"ఊఁ అంటే ఎక్కడమ్మా?"

తల్లి కనుబొమతో మంచం కిందికి చూపించింది. పాప మంచం కిందికి దూరింది. వంటగదిలోంచి భర్త "పాలు పొంగుతున్నాయి!" అని కేకేశాడు. పొంగుతున్నాయని కేకేసే బదులు స్టవ్ కట్టేయవచ్చు కదా అన్నట్టు ఆమె అద్దంలోంచే ఒక చూపు చూసింది. ఆ చూపుల భాష ఆయనకు పెళ్లయిన కొత్తలోనే వచ్చేసింది. కట్టేశాడు.

ఆమె రెండు చేతులూ తల వెనకే ఉన్నాయి. ఒక చేత్తో జుట్టు మెలితిప్పి పట్టుకుని, రెండో చేత్తో నోట్లోంచి ఒక్కో పిన్నూ తీసి గుచ్చుకుంటోంది. భుజాలు నొప్పిపుట్టినా చేతులు దించడానికి లేదు. దించితే అంతా జారిపోతుంది, మళ్లీ మొదటినుంచి మొదలు.

ఈ దృశ్యం మీరూ చూసే ఉంటారు. మీ ఇంట్లోనే చూసి ఉండవచ్చు. ఉద్యోగానికి వెళ్లే ఆడమనిషి తల దువ్వుకోవడంలో చెప్పుకోవలసిన సంగతేముంది అనిపించడం సహజం. కానీ కాస్త దగ్గరికి వచ్చి చూడండి. ఆ జుట్టు తడిగా ఉంది. ఆదివారం మధ్యాహ్నం తలస్నానం చేస్తే, సోమవారం పొద్దునకు కూడా ఆరలేదు. పైకి ఆరినట్టే కనబడుతుంది. పాయ విడదీస్తే లోపల చల్లగా చేతికి తగులుతుంది. అంత ఒత్తు జుట్టు. తడిమీద ముడివేస్తే తలనొప్పి వస్తుందని ఆమెకు తెలుసు. అయినా వేసుకుంది. కొప్పు మీద సన్నని నల్లటి వల తొడిగింది. నుదుటి మీద లేచిన పొట్టి వెంట్రుకలను వేలికి నీళ్లద్దుకుని అణిచింది. అప్పటికి గాని ఆమె ఆఫీసుకు పనికివచ్చే మనిషి కాలేదు.

ఆమె ఒక పెద్ద లాయర్ల ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చునేది. ఫోనెత్తడం, వచ్చినవాళ్లను పలకరించి కూర్చోబెట్టడం, ఎవరి గది ఎటో చెప్పి పంపడం ఆమె పని. అందుకని అందరూ 'ఫోనక్క' అని పిలిచేవారు. వయసులో ఆమె కంటే పెద్దవాళ్లూ అలాగే అనేవారు. పాత భవనం, నున్నటి చెక్క గోడలు, నడిస్తే చప్పుడు కాని తివాచీలు, గోడ మీద చనిపోయిన లాయర్ల ఫోటోలు. ఆ ఆఫీసులో అన్నీ ఒక పద్ధతిలో ఉండాలి. ఆడవాళ్ల జుట్టుకూ ఒక పద్ధతి ఉండేది. జడ వేలాడకూడదు. జుట్టంతా పైకి కట్టి ఉండాలి. మెడ మీద ఒక్క వెంట్రుక కనబడకూడదు. పిన్నులు నల్లవే అయ్యుండాలి. రంగు క్లిప్పులు, రిబ్బన్లు ఇంట్లోనే.

ఈ పద్ధతిని కాపాడే ఆవిడ సూపరింటెండెంటు. నిటారుగా నడిచేది, నిటారుగా కూర్చునేది, మాట కూడా గీత గీసినట్టుండేది. అందుకే చాటున అందరూ 'స్కేలు మేడమ్' అనేవారు. పొద్దున్నే ఆవిడ లిఫ్టు దిగుతోందంటే ఆడవాళ్ల చేతులన్నీ ఒక్కసారిగా తల వెనక్కి పోయేవి. బయటివాడెవడైనా చూస్తే పోలీసులొచ్చి అందర్నీ చేతులెత్తమన్నారనుకుంటాడు. మేడమ్ కొప్పు మాత్రం చెక్కినట్టుండేది. గాలికి కదలదు, వానకు చెదరదు, సాయంత్రానికి జారదు. "ఆ కొప్పు ఆవిడతో పాటే పుట్టింది" అనుకునేవారు ఆఫీసువాళ్లు.

అదే ఆఫీసులో ఒక కుర్ర లాయరు ఉండేవాడు. ఉంగరాల జుట్టు. అది నుదుటి మీదికి పడి, కళ్లలోకి పడి, ఒక్కోసారి ఆయన సంతకం పెడుతున్న కాగితం మీదికి కూడా వేలాడేది. ఎవరూ ఏమీ అనేవారు కారు. "ఆలోచనలో ఉన్నాడు, తెలివైన కుర్రాడు" అనేవారు. తెలివి ఆయన నెత్తి మీద కూర్చుని ఊగుతోందేమో మరి!

ఇలా ఉండగా ఆఫీసులో కొత్తమ్మాయి చేరింది. వేరే ఊరినుంచి వచ్చి హాస్టల్లో ఉంటోంది. ఫోనక్క పక్క కుర్చీ ఆ పిల్లది. మొదటి రోజు ఇస్త్రీ బట్టలతో, నడుము దాటిన జడతో, కాస్త భయంగా, కాస్త నవ్వుతూ లిఫ్టు దిగింది. స్కేలు మేడమ్ ఎదురుగా నిలబడి ఉంది. పైనుంచి కిందిదాకా చూసింది.

"జడ బాగుంది," అంది. పిల్ల మొహం విప్పారింది. "ఇంట్లో," అంది మేడమ్. విప్పారిన మొహం ముడుచుకుపోయింది. మేడమ్ ఫోనక్క వైపు తిరిగి, "క్లయింట్లు వచ్చేలోగా దీన్ని పైకి కట్టి తీసుకురా," అని వెళ్లిపోయింది.

ఆడవాళ్లు భోజనాలు చేసే చిన్నగదిలో ఒక స్టూలు మీద పిల్లను కూర్చోబెట్టి ఫోనక్క జడ విప్పింది. విప్పగానే స్టూలు కనబడకుండా పోయింది. ఫోనక్క చేతులు ఒక్క క్షణం ఆగిపోయాయి. విడిచిన జుట్టును చేతులారా పట్టుకుని ఎన్నాళ్లయిందో! వేళ్లు పోనిచ్చి, చిక్కు లేని చోట కూడా చిక్కు తీస్తున్నట్టు మెల్లగా దువ్వింది.

"మా అమ్మ ఇలాగే దువ్వేదక్కా," అంది పిల్ల, కళ్లు మూసుకుని.

"మా అమ్మ కూడా. ఎండలో మెట్టు మీద కూర్చోబెట్టి ఒళ్లో జుట్టంతా పరుచుకునేది. ఏమీ మాట్లాడేది కాదు. వేళ్లతోనే ఆరబెట్టేది. నిద్రొచ్చేసేది నాకు." ఫోనక్క జుట్టును మూడు పాయలు చేసింది. "సరే, చూసి నేర్చుకో. రేపట్నించి నువ్వే వేసుకోవాలి. ముందు వదులుగా జడ అల్లు. కుదుళ్ల దగ్గర లాగకు. ఇప్పుడు జడను మెడ వంపులో చుట్టలా చుట్టు, నడినెత్తిన కాదు. కొసను చుట్ట కిందికి తోసెయ్. ఇక పిన్ను. ఊరికే గుచ్చితే పది నిమిషాల్లో జారిపోతుంది. చుట్ట అంచున కొంచెం జుట్టు పట్టుకుని, పిన్ను మొన బయటివైపు ఉండేలా పెట్టి, మళ్లీ లోపలికి తిప్పి తొయ్యి. చుట్టూ అలా పెట్టుకుంటూ పో. పరిగెత్తినా కదలదు."

"అమ్మో, నిజంగానే కదలట్లేదు!"

"ముఖ్యమైనవాళ్లు వచ్చే రోజుకు ఇంకోటుంది. జుట్టంతా ఒక పక్కకు దువ్వి, తల వెనక నిలువుగా వరసన పిన్నులు పెట్టి, జుట్టును వాటి మీదికి మెలితిప్పి మడతలా లోపలికి దోపాలి. మనలాంటి పొడుగు జుట్టుకు కొస మిగిలిపోతుంది. దాన్ని కూడా మడతలోనే దాచాలి."

"ఎన్ని రకాలొచ్చక్కా నీకు!"

"చాలా వచ్చు. దాచడం బాగా వచ్చు," అని నవ్వింది ఫోనక్క.

ఆ మర్నాటినుంచి అదొక అలవాటయింది. ఆఫీసు మొదలవకముందే ఇద్దరూ చిన్నగదిలో కలుసుకునేవారు. ఒకరి జుట్టు ఒకరు కట్టేవారు. తన తల వెనక వేరొకరి చేతులు పనిచేస్తుంటే, తన చేతులు ఒళ్లో ఖాళీగా పెట్టుకుని కూర్చోవడం ఫోనక్కకు ఎంతో హాయిగా ఉండేది.

"నీది విప్పితే ఎంతుంటుందక్కా?" అని ఒకరోజు పిల్ల అడిగింది.

ఫోనక్క చెప్పబోయి ఆగింది. "ఏమోనే. ఈమధ్య చూసుకోలేదు."

సరదాగా అన్న మాటే గాని, అన్నాక ఆమెకే దిగులేసింది. నిజంగానే చూసుకోలేదు. ఆఫీసు రోజుల్లో తెల్లవారగానే కొప్పు. ఇంటికొచ్చాక వంట, పాప చదువు, ఆపైన పడక. విప్పితే మర్నాడు చిక్కు తీయడానికి టైముండదని కొప్పుతోనే పడుకునేది. ఒక్క ఆదివారం మిగిలింది. ఆ ఆదివారమంటే ఆమెకు ఎంత ఆశో! తలస్నానం చేసి, మేడ మీదికి వెళ్లి, జుట్టంతా వీపు మీద పరుచుకుని, ఎండకు వెన్ను పెట్టి, అది ఆరేదాకా ఊరికే కూర్చోవాలి. చేతిలో పని ఉండకూడదు, మనసులో లెక్క ఉండకూడదు. ఆమెకు కావలసిందల్లా అదే. చీర కాదు, నగ కాదు. కాస్త ఎండ, కాస్త తీరిక.

ఆ ఆదివారం పట్టుబట్టి వెళ్లింది. ఆరేసిన దుప్పట్ల మధ్య ఒక చాప వేసుకుని కూర్చుంది. జుట్టు విప్పి వెనక్కి వదిలింది. ఎండ మాడు మీద పడి, మెల్లగా మెడలోకి దిగి, భుజాల్లోకి పాకింది. కళ్లు వాటంతటవే మూసుకున్నాయి. పాప మెట్లెక్కి వచ్చి ఠక్కున నిలబడిపోయింది.

"అమ్మా! ఇదంతా నీదేనా?"

"మరి ఎవరిదనుకున్నావే?"

"నీకు పొట్టి జుట్టనుకున్నాను నేను. మా క్లాసులో కూడా అలాగే చెప్పాను." పాప వచ్చి జుట్టును చెంపకు ఆనించుకుంది. దానిలోపల తల దూర్చి, "అమ్మా, ఇక్కడ చల్లగా ఉంది, ఇల్లులా ఉంది," అంది.

తన కడుపున పుట్టిన పిల్ల తన జుట్టును ఇలా విప్పి ఉండగా మొదటిసారి చూస్తోందా అని తల్లి ఆశ్చర్యపోయింది. దగ్గరికి తీసుకునేలోగానే కిందినుంచి భర్త పిలిచాడు. కుళాయి బాగుచేసేవాడు వచ్చాడట, ఏది కారుతోందో వచ్చి చూపించాలట. ఆ వెనకే పక్కింటావిడ, ఆ వెనకే కూరలు. జుట్టు అరచేతికి చుట్టుకుని, తడిగానే ముడేసి ఆమె మెట్లు దిగింది.

"మళ్లీ ఎప్పుడు విప్పుతావమ్మా?" అని పైనుంచి పాప అడిగింది. ఆమె వినిపించుకోనట్టు కుళాయి వైపు నడిచింది. జవాబు తెలిస్తే కదా!

సాయంత్రం తలపట్టుకుని కూర్చుంటే భర్త మంచిమనసుతోనే అన్నాడు. "ఎందుకీ తంటా? పొట్టిగా కత్తిరించేసుకోరాదూ?"

"మీ మోకాలు నొప్పెడితే కాలు తీసేయించుకుంటారా?" అంది ఆమె. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

కొన్నాళ్లకు కొత్తమ్మాయి ఆమె తల దువ్వుతూ చెయ్యి ఆపింది. "అక్కా, ఇక్కడ చూడు. చెంపల దగ్గర జుట్టు లేదు. చర్మం ఎర్రగా ఉంది."

డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే ఆవిడ లైటు వేసి చూసి, "మీ జుట్టు మీద మీకేమన్నా కోపమా?" అని అడిగింది. "రోజూ ఇంత బిగించి లాగి కడితే కుదుళ్లు ఎన్నాళ్లు ఓర్చుకుంటాయి? తడిమీద కట్టడం మానండి. వదులుగా ఉంచండి. ఇలాగే లాగుతూ పోతే ఊడినచోట మళ్లీ రాదు."

ఫోనక్క ఆ మాటే స్కేలు మేడమ్‌కు చెప్పి, కొన్నాళ్లు వదులు జడతో రావచ్చా అని అడిగింది. మేడమ్ కాగితాలమీంచి తలెత్తలేదు. "నీకిస్తే అందరూ అడుగుతారు. కొప్పు కాస్త కిందికి వేసుకో, నొప్పి తగ్గుతుంది," అంది. అలా అంటున్నప్పుడు మేడమ్ చెయ్యి తన చెంప దగ్గరికి వెళ్లి చటుక్కున దిగిపోయింది. ఫోనక్క అది గమనించలేదు.

వానలు మొదలయ్యాయి. హాస్టల్లో కుళాయి నీళ్లు తెల్లవారుజామునే వచ్చి వెళ్లిపోయేవి. కొత్తమ్మాయి ఆ చలిలో తలస్నానం చేసి, కారుతున్న జుట్టునే కొప్పు పెట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చేది. జలుబు, ఆపైన దగ్గు, ఆపైన జ్వరం. రెండు రోజులు ఆఫీసుకు రాలేదు. మూడో రోజు లిఫ్టు తలుపు తెరుచుకోగానే హాల్లో తలలన్నీ అటు తిరిగాయి.

పిల్ల జుట్టు చెవుల పైకి కత్తిరించి ఉంది.

ఫోనక్క కుర్చీలోంచి లేచి వచ్చి ఆ తల మీద చెయ్యి వేసింది. చెయ్యి అలవాటుగా కిందికి జారింది. జారడానికి అక్కడ ఏమీ లేదు.

"ఏడ్చావా?"

"లేదక్కా. కత్తిరించినావిడే ఏడ్చింది. మూడుసార్లు అడిగింది, నిజంగా కోసెయ్యనా అని." పిల్ల నవ్వబోయింది. "పోనీలే అక్కా. ఇక పిన్నులక్కర్లేదు, వలక్కర్లేదు, ఎవరూ ఏమీ అనరు. అమ్మకు మాత్రం ఇంకా చెప్పలేదు."

ఎవరూ ఏమీ అనరనే అనుకుంది పాపం. మధ్యాహ్నం ఆ ఆఫీసు పెద్దాయన, అంటే దాని యజమాని, హాల్లోంచి వెళ్తూ ఆగి చూశాడు. చెడ్డవాడు కాదు. పనివాళ్ల పిల్లల పెళ్లిళ్లకు వెళ్లే మనిషి. అయినా మేడమ్‌ను పిలిచి మెల్లగా అన్నాడు. "ఆ అమ్మాయేమిటి మగపిల్లాడిలా తయారైంది? మన దగ్గరికి వచ్చేవాళ్లు పాతకాలం మనుషులు. జుట్టు పెరిగేదాకా ముందు కూర్చోబెట్టకండి."

కొత్తమ్మాయి కుర్చీ వెనకవైపు ఉన్న పాత ఫైళ్ల గదికి మారింది. కిటికీ లేని గది.  పిల్ల తన గ్లాసు, సంచి తీసుకుని వెళ్లిపోయింది. ఉంగరాల లాయరు మాత్రం ఏమీ అర్థం కాక, "నా జుట్టు కంటే నీటుగానే ఉంది కదా, ఏమైంది?" అని అందర్నీ అడిగాడు. 

ఫోనక్క అంతవరకు ఎవరికీ ఎదురు చెప్పిన మనిషి కాదు. ఫోనులో తిట్టేవాళ్లతో కూడా "ఒక్క నిమిషం సార్" అనే రకం. ఆ రోజు తలుపు తట్టకుండా మేడమ్ గదిలోకి వెళ్లింది.

"పొడుగు జుట్టుంటే జుట్టు దాచమన్నారు. పొట్టిగా చేసుకొస్తే మనిషినే దాచేశారు. ఎలా ఉంటే మీకు సరిపోతుందో చెప్పండి మేడమ్, అలాగే పుట్టి వస్తాం."

మేడమ్ చేతిలోని కలం కింద పెట్టింది. తర్వాత లేచి తలుపు గడియ పెట్టింది. నిలువుగా ఉండే ఆ వీపు కాస్త వంగింది. రెండు చేతులూ వెనక్కి పెట్టి పిన్నులు తీసింది. కొప్పు కొప్పుగానే ఊడి చేతిలోకి వచ్చింది. బల్ల మీద పెట్టింది. అది సవరం. ఎవరి జుట్టుతోనో కట్టిన కొప్పు. కింద ఆవిడ సొంత జుట్టు పిడికెడు కూడా లేదు. చెంపలు బోసి. నుదురు ఎక్కడ ముగుస్తుందో తెలియదు.

"నాకూ ఉండేది," అంది మేడమ్. "నీ అంత. ఆ పిల్ల అంత. నేను చేరిన రోజున అప్పటి హెడ్ గుమస్తా నా జడ చూసి, 'ఇదేమన్నా ఆఫీసనుకున్నావా, మీ ఇంటి పెరడనుకున్నావా?' అన్నాడు. హాలంతా నవ్వారు. మర్నాడు కొప్పు పెట్టుకొచ్చాను. ఇక దించలేదు."

ఫోనక్క ఒక కుర్చీ ఆవిడ దగ్గరికి జరిపింది.

"మా ఆయన ఏమీ అడిగే మనిషి కాదు. ఒక్కటే అడిగేవాడు. 'ఒక్కరోజు తలంటుకుని కిటికీ దగ్గర విప్పుకుని కూర్చోవే, చూస్తాను' అని. 'రిటైరయ్యాక కూర్చుంటాలెండి, అప్పుడు పనేముంటుంది' అనేదాన్ని. ఆయన అంతవరకు ఆగలేదు. జుట్టూ ఆగలేదు." మేడమ్ సవరం వైపు చూసింది. "ఇప్పటికీ ఆదివారం ఎండ గదిలోకి వస్తే చేతులు వాటంతటవే తల వెనక్కి పోతాయి విప్పుదామని. అక్కడేముందని విప్పుతాను?"

బయట ఫోను మోగుతోంది. ఎవరూ ఎత్తలేదు.

"ఇంత తెలిసి మమ్మల్నెందుకు కట్టమన్నారు మేడమ్?" ఫోనక్క గొంతులో కోపం పోయింది. బాధ మిగిలింది.

"నేను పోగొట్టుకున్నాను కాబట్టి. ఏమీ లేనిదానికి పోగొట్టుకున్నానని ఒప్పుకోలేక, అదేదో గొప్ప పద్ధతి అనుకున్నాను." మేడమ్ కళ్లు తుడుచుకుంది. కొప్పు మళ్లీ పెట్టుకుంది, ఈసారి కాస్త వంకరగా. "పద. ఆ పిల్లను కూడా పిలు."

ముగ్గురూ పెద్దాయన గదిలోకి వెళ్లారు. మేడమ్ నిలబడే అడిగింది.

"సార్, ఆడవాళ్ల జుట్టు పైకే కట్టాలన్న రూలు మీరు పెట్టారా?"

"ఏ రూలు? నేనెప్పుడూ అనలేదే. అవన్నీ మీరే చూసుకుంటారుగా."

"నేనూ పెట్టలేదు సార్. ఎప్పుడో ఒకాయన అన్నాడు, నలుగురు నవ్వారు, నేను భయపడ్డాను. ఆ తర్వాత వచ్చినవాళ్లందర్నీ నేను భయపెట్టాను. ఆ ఒక్క నవ్వు మీదే ఇన్నేళ్లు నడిచింది సార్ ఈ రూలు."

పెద్దాయన కళ్లజోడు తీశాడు. "అది కాదమ్మా. మన దగ్గరికి వచ్చేవాళ్లకు నమ్మకం కుదరాలి కదా. చూడ్డానికి ఒక మర్యాద..."

"మన దగ్గరికి వచ్చేవాడు ఇల్లు పోతుందేమో, పరువు పోతుందేమో అని వణుకుతూ వస్తాడు సార్. ఈ అమ్మాయి మంచినీళ్లిచ్చి కూర్చోబెడితే ఊపిరి పీల్చుకుంటాడు. ఆ సమయంలో ఈమె తల వెనక కొప్పుందా, జడుందా అని తొంగిచూసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. నమ్మకం పనివల్ల కుదిరింది. మనమేమో పిన్నులవల్ల కుదిరిందనుకున్నాం."

సరిగ్గా అప్పుడే ఉంగరాల లాయరు ఏదో సంతకం కోసం తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. ముంగురులు ముక్కు దాకా ఉన్నాయి. పెద్దాయన ఆయన తల వైపు చూశాడు. కొత్తమ్మాయి తల వైపు చూశాడు. మళ్లీ ఆయన తల వైపు చూశాడు. గదిలో ఎవరూ నవ్వకూడదని గట్టిగా ప్రయత్నించారు. పెద్దాయనే ముందు నవ్వేశాడు. తర్వాత నవ్వు ఆపి, ఆ పిల్లను అడిగాడు.

"రూలు వల్లే కత్తిరించుకున్నావా అమ్మా?"

"అవును సార్. ఆరబెట్టుకోవడానికి టైము లేదు సార్." అంతవరకు ఏడవని పిల్లకు అప్పుడు ఏడుపొచ్చింది. "మా అమ్మ చిన్నప్పట్నించీ పెంచిన జుట్టు సార్."

పెద్దాయన తల దించుకున్నాడు. "నీ కుర్చీ నువ్వు ముందుకు తెచ్చుకో తల్లీ," అన్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకు కాస్త టైము పట్టింది. "శుభ్రంగా ఉండాలి, కళ్లలో పడకూడదు. అంతే. అదీ అందరికీ. నువ్వు కూడానోయ్," అన్నాడు ఉంగరాల లాయరుతో.

ఇంతటితో అందరి కష్టాలూ తీరిపోయాయని నేను మీకు చెప్పను. కొత్తమ్మాయి జుట్టు మళ్లీ నడుము దాటడానికి ఏళ్లు పడుతుంది. అద్దంలో చూసుకున్నప్పుడల్లా ఆ పిల్ల చెయ్యి భుజం మీదికి వెళ్లి, లేని జడను ముందుకు వేసుకోబోయి ఆగుతుంది. ఆ రోజు సాయంత్రమే తల్లికి ఫోను చేసి చెప్పింది. ఎంతవరకు కత్తిరించావని తల్లి రెండుసార్లు అడిగిందట. చివరికి, "వచ్చినప్పుడు నూనె రాస్తానులే, మళ్లీ పెరుగుతుంది," అందట. ఫోనక్క చెంపల దగ్గర పోయిన జుట్టు రావచ్చు, రాకపోవచ్చు అంది డాక్టరమ్మ.

ఆఫీసు మారినంత మాత్రాన ఇల్లు దానంతటది మారదు. ఆ సంగతి ఫోనక్క గ్రహించింది. "ఆదివారం నా జుట్టు ఆరేదాకా కుళాయి కారనివ్వండి, కూర మాడనివ్వండి, నన్ను పిలవద్దు," అని భర్తతో చెప్పింది. ఆయన మొదట జోకనుకున్నాడు. ఆమె చూపు చూసి కాదనుకున్నాడు. ఆ ఆదివారం పాపా, తల్లీ మేడ మీద ఎండలో ఎంతసేపు కూర్చున్నారో ఎవరూ గడియారం చూడలేదు. ఆయన రెండుసార్లు మెట్లదాకా వచ్చి, చూసి, పిలవకుండా వెనక్కి వెళ్లాడు. రెండోసారి కాసేపు నిలబడి కూడా చూశాడు.

మర్నాడు ఆఫీసులో కొందరు జడలతో వచ్చారు. కొందరికి కొప్పే ఇష్టం, కొప్పుతోనే వచ్చారు. ఫోనక్క మెడ మీద వదులుగా ముడి వేసుకుంది. నొప్పి లేదు.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. అలవాటుకొద్దీ చేతులన్నీ తల వెనక్కి పోబోయాయి. పోబోయి ఆగాయి. స్కేలు మేడమ్ సవరం లేకుండా వచ్చింది. ఉన్న కొద్దిపాటి నెరిసిన జుట్టును దువ్వి, ఒక చిన్న క్లిప్పు పెట్టుకుంది. ఎటు చూడాలో తెలియక అందరూ బల్లల వైపు చూశారు. కొత్తమ్మాయే ధైర్యం చేసి, "బాగున్నారు మేడమ్," అంది.

"అబద్ధాలాడకు," అంది మేడమ్. ఎప్పుడూ నవ్వని ఆ మొహంలో నవ్వులాంటిదేదో కదిలింది. "బాగాలేను. తేలిగ్గా ఉన్నాను. అది చాలు."

ఆవిడ తన గదివైపు వెళ్తూ ఫోనక్క కుర్చీ వెనక ఒక్క క్షణం ఆగింది. ఆ ముడి మీద చెయ్యి ఆనించింది. బిగువు చూడటానికి కాదు. ఒకప్పుడు తనకుండినదాన్ని తాకి చూసుకున్నట్టు తాకి వెళ్లిపోయింది.

పని చేయించుకునే చోట శుభ్రత అడగవచ్చు, వేళకు రమ్మనవచ్చు, శ్రద్ధ అడగవచ్చు. కానీ మనిషికి దక్కవలసిన కాస్త ఎండనూ, కాస్త తీరికనూ రిటైరయ్యాక అనుభవిద్దువుగాని అని చెప్పే హక్కు ఏ ఆఫీసుకూ లేదు. అప్పటిదాకా మనుషులూ ఆగకపోవచ్చు, వాళ్లకోసం ఎదురుచూసేవాళ్లూ ఆగకపోవచ్చు.